ఆనకట్ట లేని జలవిద్యుత్తు ఎక్కడ తగును?

నదికి అడ్డుకట్ట వేయకుండ, ప్రవాహములోనికే టర్బైనును దింపి విద్యుచ్ఛక్తిని పొందవచ్చునని ఈ మధ్య తరచుగా వ్రాయుచున్నారు. మాట నిజమే. ముంపు లేదు, ఊళ్లు ఖాళీ చేయింప నక్కరలేదు. కాని నీరు పారుచున్న చోటెల్ల ఈ యంత్రము పనిచేయునన్నట్లు ఆ వ్రాతలలో పెక్కు చెప్పుచున్నవి. అది సరికాదు.

లెక్క చూడుడు. ప్రవాహమునకు అడ్డముగా ఒక చదరపు మీటరు వైశాల్యము గుండా పోవు శక్తి, వేగము యొక్క ఘనమును బట్టి మారును. వేగము సెకనుకు 1 మీటరైన 500 వాట్లు. 2 మీటర్లైన 4,000. అర మీటరైన 62 వాట్లకు కొంచె మెక్కువ. విశాలమైన ప్రవాహములో ఇందులో 59 శాతమునకు మించి ఏ యంత్రమును గ్రహింపజాలదని బెట్జ్ నిరూపించెను. వాస్తవముగా మూడవ వంతు దక్కిన మేలే. అనగా అర మీటరు వేగముగల కాలువలో చదరపు మీటరు టర్బైను 20 వాట్ల దీపమొకటి వెలిగించును!

సంవత్సరపు సగటు వేగమును చూపి తృప్తిపడుట మరియొక పొరపాటు. ఆరు నెలలు 2 మీటర్ల వేగముతో పారి, ఆరు నెలలు నిలిచిపోవు ఏటికి సగటు 1 మీటరు. ఏడాది పొడవున 1 మీటరు వేగముతో పారు ఏటికిని సగటు అదే. మొత్తము శక్తి మొదటి దానిలో నాలుగు రెట్లు. కాని వేసవి రాత్రి దీపము వెలుగునది రెండవ దానిలోనే.

అమెరికాలోని అలాస్కాలో ఇగియుగిగ్ అను చిన్న పల్లె వద్ద, క్విచాక్ నదిలో 2019 లో ఇట్టి టర్బైనును దింపిరి. ఆ నది ఇలియామ్నా అను పెద్ద సరస్సునుండి వెడలును గనుక ప్రవాహము నిలకడగా, తేటగా ఉండును. ఆ పల్లె అంతకుముందు దూరమునుండి తెప్పించిన డీజిలుపై ఆధారపడెడిది. సామన్ చేపలు వేలకువేలుగా ఎదురీదు నది యగుటచే, తొలి పరీక్షలలోనే నీటి అడుగున కెమెరాలు పెట్టి వాని రాకపోకలను గమనించిరి. అదే అలాస్కాలో యూకాన్ నదిపై, రూబీ వద్ద 2008 లో దింపిన చిన్న టర్బైనుకు కొట్టుకొనివచ్చు దుంగలే శత్రువులైనవి. యంత్రమొక్క తీరుదే, నది వేరు.

మన గోదావరి నీటిలో అధికభాగము జూన్, అక్టోబరుల మధ్యనే వచ్చును. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరము వద్ద ప్రవాహము 35 లక్షల క్యూసెక్కులకు చేరినది. వేసవిలో ఇసుక మేటలు తేలును. ఆ వరదకు తట్టుకొను లంగరు, ఆ వేసవికి సరిపడు లోతు రెండును ఒకేచోట దొరకవలెను. పైగా పులస ఎదురీదునది వరద నీటిలోనే, అనగా టర్బైను ముమ్మరముగా తిరుగు దినములలోనే.

డెల్టా కాలువలలో దుంగల బెడద లేదు. కాని సేద్యమునకును, పడవల రాకపోకలకును అనువుగా అవి మందగతితో పారునట్లు త్రవ్వబడినవి; వేసవిలో కట్టివేయుదురు. టర్బైను అడ్డగించుటచే ఎగువ నీటిమట్టము కొంత పెరుగును. శివారు రైతునకు నీరందుటయే కష్టమైన చోట ఇది చిన్న విషయము కాదు. విద్యుత్కేంద్రముల దిగువ వడిగా పారు కాలువలు ఇంతకంటె మేలు. ఆనకట్ట అక్కరలేదను యంత్రమునకు ఆనకట్ట క్రిందనే మంచి చోటు దొరకుట విచిత్రమే!

కావున ధనము వెచ్చించుటకు ముందు నెలనెల వేగమును, లోతును కొలిచిన పట్టికను అడుగవలెను. అందు మే నెల వరుసను మొదట చూడవలెను. విద్యార్థులు తమ ఊరి కాలువ వంతెనపైనుండి ఎండు కొబ్బరికాయను విడిచి, గట్టుపై గుర్తించిన 20 మీటర్ల దూరమును అది ఎన్ని సెకనులలో దాటునో చూడవచ్చును. అట్లు వచ్చునది పైనీటి వేగము, దానిని 0.85 చే గుణించిన సుమారుగా సగటు వచ్చును. గుణించుట మరచి ఘనము చేసినచో శక్తి అసలుకంటె ఒకటిన్నర రెట్లకు పైగా కనుపించును.