మూడో ఓనర్ మాట

స్పోర్ట్స్ కార్ల మీద వాదించడానికి స్పోర్ట్స్ కారు ఉండక్కర్లేదు. అసలు లేనివాడి గొంతే ఎక్కువ లేస్తుంది. ఉన్నవాడు కాస్త తగ్గి మాట్లాడతాడు, ఎంతైనా సర్వీసు బిల్లు చూసినవాడు కదా! నాకున్నది హైదరాబాద్ ట్రాఫిక్‌లో నలిగే మామూలు హ్యాచ్‌బ్యాక్. నా గొంతు ఏ స్థాయిలో ఉంటుందో మీరే ఊహించుకోండి. అవతలి పక్షం డాలస్‌లో ఉండే మా బావ. వాళ్లకు శనివారం రాత్రి, మాకు ఆదివారం పొద్దున. అక్క వచ్చి "మళ్లీ మొదలెట్టారా" అనేదాకా సాగుతుంది.

వాదనలో అంశాలు మూడే. ఎంత వేగం, ఎంత ధర, ఎన్నాళ్లు మన్నుతుంది. చిక్కేమిటంటే ఈ మూడింటికీ సాక్షులు వేరు. వేగం సంగతి కంపెనీ డ్రైవరు చెబుతాడు, ఖాళీ ట్రాక్ మీద, ఒక్క రౌండు కొట్టి. ధర సంగతి మొదటి ఓనర్ చెబుతాడు, షోరూం మెట్లు దిగుతూ. మన్నిక సంగతి మాత్రం మూడో ఓనర్‌ని అడగాలి. అతను నోరు విప్పేసరికి కారుకు పదిహేనేళ్లు నిండుతాయి, అతని మాట అచ్చేయడానికి ఏ పత్రికకూ ఆసక్తి ఉండదు. ముగ్గురూ ఒకే కారు గురించి మాట్లాడుతున్నామనుకుంటారు. అందుకే ఎవరికి వాళ్లు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

వేగం దగ్గరే చూడండి. జర్మనీలో నూర్‌బర్గ్‌రింగ్ అని కొండల్లో, అడవిలో మెలికలు తిరిగే ట్రాక్ ఉంది. ఒక రౌండు దాదాపు 21 కిలోమీటర్లు. అక్కడ ఎంతసేపట్లో తిరిగిందన్న దాన్ని బట్టే స్పోర్ట్స్ కారుకు పరువు. 2008లో నిస్సాన్ తన జీటీ-ఆర్ అక్కడ 7 నిమిషాల 29 సెకన్లలో తిరిగిందని ప్రకటించింది. పోర్షే 911 టర్బో కంటే ఎంతో తక్కువ ధర పలికే కారు, దాన్నే దాటేసిందట. పోర్షే వాళ్లు ఊరుకోలేదు. అమెరికాలో ఒక జీటీ-ఆర్ కొని తెచ్చి, అదే ట్రాక్ మీద తమ మనిషితో తోలించారు. వచ్చింది 7 నిమిషాల 54 సెకన్లు. మీరు వాడినవి షోరూం టైర్లు కావేమోనని వీళ్లు, మా కారు తోలే పద్ధతి మీకు పట్టుబడలేదేమోనని వాళ్లు. కోట్ల డాలర్ల కంపెనీలు రెండు అచ్చం నేనూ మా బావా లాగే వాదించుకున్నాయి. చదివి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

అందులో ఎవరిది నిజమన్నది నాకు ముఖ్యం కాదు. మనిషిని మార్చితే పాతిక సెకన్లు అటూ ఇటూ అయ్యే అంకెను పట్టుకుని కారు కొనేవాడికి ఏం దక్కుతుందన్నదే నా ప్రశ్న. మా ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు, గరిష్ఠ వేగం 120. ఆదివారం తెల్లారుజామున అక్కడ మెరిసే ఎర్ర కార్లూ పసుపు కార్లూ చట్టప్రకారం నా హ్యాచ్‌బ్యాక్ పక్కనే నడవాలి. నడుస్తున్నాయని నేను అనడం లేదు.

అదే జీటీ-ఆర్‌లో ఇంకో కథ ఉంది. ఆగి ఉన్న కారు ఒక్క ఉదుటున లేవడానికి లాంచ్ కంట్రోల్ అని ఒక ఏర్పాటు పెట్టారు. తొలి కార్లలో అది పనిచేయాలంటే, కారు జారకుండా కాపాడే ఎలక్ట్రానిక్ అదుపును ముందు ఆపేయాలి. కొన్నవాళ్లు ఊరుకుంటారా! సిగ్నల్ దగ్గరా స్నేహితుల ముందూ అదే పని. గేర్‌బాక్సులు పోవడం మొదలైంది. అమెరికాలో కొత్త గేర్‌బాక్సు దాదాపు 20 వేల డాలర్లు. ఎలక్ట్రానిక్ అదుపు ఆపి నడిపిన కారుకు వారంటీ వర్తించదని కంపెనీ అంది. పత్రికల్లో అచ్చయిన అంకె ఏ కిటుకుతో వచ్చిందో, ఆ కిటుకు వాడితేనే వారంటీ పోయిందన్నమాట. తర్వాత సాఫ్ట్‌వేర్ మార్చి, లేచే పద్ధతిని సున్నితం చేసి సర్దుకున్నారు. నాకైతే వాహన పరిశ్రమ మొత్తంలో ఇంతకంటే నిజాయితీగల షరతు కనిపించలేదు. అంకె మాది, గేర్‌బాక్సు మీది!

ధర మాటకొస్తే జీటీ-ఆర్ పేరు నిలబడిందే దాని మీద. 2008లో అమెరికాలో దాదాపు 70 వేల డాలర్లకే దొరికింది. మన దేశానికి 2016 చివర్లో వచ్చినప్పుడు ఎక్స్ షోరూం ధర 1.99 కోట్లు. అప్పటికి అమెరికాలో అదే కారు లక్షా పది వేల డాలర్లు, ఆనాటి మారకంలో 75 లక్షలకు అటూ ఇటూ. దానికున్న పెద్ద సుగుణం కాస్తా ఓడరేవులోనే రాలిపోయింది. సచిన్ సంగతి గుర్తుందా? 2002లో రేసు డ్రైవరు షూమాకర్ చేతుల మీదుగా ఫెరారీ 360 మోడెనా బహుమతిగా వచ్చింది. దాని మీద దిగుమతి సుంకం కోటీ 13 లక్షలు, కారు విలువకంటే ఎక్కువ. మినహాయింపు మీద పెద్ద రగడై, వ్యవహారం కోర్టుదాకా వెళ్లి, చివరికి ఆ సొమ్ము బహుమతి ఇచ్చిన ఫియట్ కంపెనీయే కట్టింది. ఉచితంగా వచ్చిన కారుకే ఆ గతి పట్టే దేశంలో ధరకు తగ్గ వేగం అంటూ లెక్కలేయడం దండగ. ఆ లెక్కలు అమెరికా సెకండ్ హ్యాండ్ బజారులో వేసుకోవాలి. మా బావ సరిగ్గా అక్కడే దిగాడు.

"ఒరేయ్, 996 ఒకటి చూశాను. 2002 మోడల్, మాన్యువల్. ధర వింటే నమ్మవు."

"నమ్ముతాను బావా. ఎందుకంత చవగ్గా ఇస్తున్నాడో అడిగావా?"

996 అంటే 911 వంశంలో నీళ్లతో చల్లబడే ఇంజిన్ పెట్టిన మొదటి తరం. 1990ల మొదట్లో పోర్షే నష్టాల్లో కూరుకుపోయింది. వెండెలిన్ వీడెకింగ్ పగ్గాలు పట్టి, జపాన్ నుంచి నిపుణులను పిలిపించి, ఫ్యాక్టరీలో పనిచేసే తీరునే మార్పించాడు. ఖర్చు తగ్గించడానికి 996కూ దాని చిన్న తమ్ముడు బాక్‌స్టర్‌కూ ముందు భాగమంతా ఒకటే చేశారు. ఇంజిన్ కుటుంబం కూడా ఒకటే. కంపెనీ బతికి బట్టకట్టింది. ఆ ఇంజిన్‌లో ఒక బేరింగు మాత్రం చరిత్రకెక్కింది.

క్రాంక్ షాఫ్టు తిరిగే బలాన్ని అందుకుని, గొలుసుల ద్వారా క్యామ్ షాఫ్టులకు చేరవేసే మధ్య షాఫ్టు ఒకటి అందులో ఉంటుంది. దాని ఒక కొసన గ్రీజు నింపి సీలు వేసిన బాల్ బేరింగు. ఏళ్లు గడిచేకొద్దీ వేడికి సీలు గట్టిపడి, ఇంజిన్ ఆయిల్ కొద్దికొద్దిగా లోపలికి చేరి గ్రీజును కడిగేస్తుంది. సీలు పూర్తిగా ఊడిపోయినా బాగుండేది, తాజా ఆయిల్ ధారాళంగా తగిలేది. అటు గ్రీజూ లేక, ఇటు తాజా ఆయిలూ అందక బేరింగు అరుగుతుంది. అది విరిగితే షాఫ్టు ఊగుతుంది, గొలుసు తప్పుతుంది, వాల్వులు వెళ్లి పిస్టన్లకు కొట్టుకుంటాయి. అంతే, ఇంజిన్ పోయినట్టే. అమెరికాలో దావా పడి 2013లో రాజీ కుదిరింది. ఒంటి వరుస బేరింగు ఉన్న కార్లలో నూటికి ఎనిమిది నుంచి పది దెబ్బతింటాయన్నది ఆ కేసు సందర్భంగా వినిపించిన అంచనా.

ఇక్కడ మా బావ లాయరైపోతాడు. నూటికి తొంభై కార్లు బాగానే ఉన్నాయి కదా అంటాడు. నిజమే. కానీ పోయిన పది కార్లలో పోయింది అద్దమో ఏసీయో కాదు. నెలకోసారి చిన్న రిపేరు పెట్టే బండి, ఏళ్ల తరబడి ఏ సొదా పెట్టకుండా ఒకనాడు ఇంజిన్‌తో సహా కూలబడే బండి, వీటిలో ఏది నమ్మదగ్గది? మొదటిదే అంటాను నేను. ఆ బండి కనీసం తన బాధ తాను చెప్పుకుంటుంది. సర్వేల్లో మాత్రం దానికే తక్కువ మార్కులు పడతాయి, ఫిర్యాదుల సంఖ్య ఎక్కువ కాబట్టి.

వేగం పెరిగితే మన్నిక తగ్గుతుందని చాలామంది సామెతలా చెబుతారు. దాన్ని కొట్టిపారేయడానికి ఇదే 996 చాలు. బావ చూసిన మామూలు కరేరాలో 320 హార్స్‌పవర్. అదే తరం 911 టర్బోలో 420. అయినా టర్బోకూ జీటీ3కీ ఈ బేరింగు జబ్బు లేదు. వాటిలో ఉన్నది హాన్స్ మెట్జ్‌గర్ పేరుతో పిలిచే వేరే ఇంజిన్, 1998లో లే మాన్స్ గెలిచిన రేసు కారు ఇంజిన్‌కు చుట్టం. గంటల తరబడి గరిష్ఠ వేగంతో నడవాల్సిన రేసు కోసం పుట్టింది కాబట్టి ఊరి రోడ్ల మీద దానికి శ్రమే లేదు. బలం ఎక్కువున్న ఇంజినే ఎక్కువ మన్నింది. కాకపోతే ధర కూడా ఎక్కువ. ఆ తేడా ఎందుకు కట్టారో మొదటి ఓనర్లకు తెలిసి ఉండదు, వాళ్లు కొనుక్కున్నది వేగమనుకున్నారు.

నా పక్షం వేరు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో జపాన్ కార్లు రెండు ఒకేసారి తెర మీదికొచ్చాయి. ఒకటి హోండా ఎన్ఎస్ఎక్స్. ఒళ్లంతా అల్యూమినియం, మూడు లీటర్ల వీ6, 270 హార్స్‌పవర్, లోపల టైటానియం కనెక్టింగ్ రాడ్లు. సుజుకా ట్రాక్ మీద రేసు డ్రైవరు ఐర్టన్ సెన్నా తోలి చూసి బాడీ ఇంకా గట్టిపడాలంటే, ఇంజినీర్లు మళ్లీ కూర్చుని గట్టిపరిచారు. ఫెరారీతో తలపడేందుకే తయారుచేసిన కారది. ఆ రోజుల్లో ఫెరారీ 348కి టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజిన్ మొత్తం కిందికి దించాలి. ఎన్ఎస్ఎక్స్‌కు ఆ అవసరం లేదు. ధర కూడా తక్కువే, అమెరికాలో దాదాపు 60 వేల డాలర్లు. మెక్‌లారెన్ ఎఫ్1 సృష్టించిన గోర్డన్ మర్రే ఇది తోలాకే తన కారు రోడ్డు మీద ఎలా నడవాలో తేల్చుకున్నానని చెప్పుకున్నాడు. ఏళ్లపాటు సొంతానికీ వాడుకున్నాడు. తొలి గేర్‌బాక్సుల్లో కొన్నింటికి ఒక స్నాప్ రింగు విరిగే జబ్బుండేది, అదీ చెప్పాలి. అయినా పదిహేనేళ్లలో అమ్ముడైంది పద్దెనిమిది వేల చిల్లర. దీనికి ఆత్మ లేదన్నారు కొనగలిగినవాళ్లు. ఏ ఇబ్బందీ పెట్టకపోతే ఆత్మ లేనట్టేనా? ఈ ఆత్మవాదం మీద నాకు పాత కోపం ఉంది, ఇక్కడితో ఆపుతాను.

రెండోది మాజ్దా ఎంఎక్స్-5, అమెరికాలో మియాటా. 1.6 లీటర్ల ఇంజిన్, 116 హార్స్‌పవర్, బరువు టన్నుకు లోపే, అప్పటి ధర 14 వేల డాలర్లకు కాస్త తక్కువ. వందకు చేరడానికి తొమ్మిది సెకన్లకు అటూ ఇటూ పడుతుంది. ఇప్పటి మన డీజిల్ ఎస్‌యూవీలు కొన్ని దాని పక్కన సిగ్గుపడక్కర్లేదు. 1960ల బ్రిటిష్ లోటస్ ఎలాన్ తోలితే ఉండే ఆనందాన్ని, దాని ఆయిల్ కారడాలూ కరెంటు తంటాలూ లేకుండా అందించడమే మాజ్దా చేసిన పని. అందులోని ఇంజిన్ మామూలు ఫ్యామిలీ కార్లలో నలిగి రాటుదేలిన జాతి. టైమింగ్ బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు, కొత్త బెల్టు వేసుకుని వెళ్లిపోవచ్చు. మొదటి ఒకటి రెండేళ్ల కార్లలో క్రాంక్ షాఫ్టు కొసన ఒక బలహీనత ఉంది కానీ, తర్వాత సరిచేశారు. 2016కల్లా పది లక్షలు తయారయ్యాయి. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో దీన్ని మించి అమ్ముడైంది లేదు.

"అది ఆడుకునే కారురా" అంటాడు బావ.

ఆడుకోవడానికి కాకపోతే స్పోర్ట్స్ కారు ఇంకెందుకు? వంద మలుపుల ఘాట్ రోడ్డు మీద మియాటాను దాని శక్తంతా వాడి తోలొచ్చు. 911 టర్బో శక్తిలో మూడో వంతు వాడేసరికి ఎదురుగా లారీ వస్తుంది. బావ దీనికి ఒప్పుకోడు. ఒప్పుకోకపోవడమే ఆదివారాలకు అందం.

ఒక్క విషయంలో మాత్రం నా మాట విన్నాడు. సెకండ్ హ్యాండ్‌లో కారు ధర తగ్గుతుంది, పార్టుల ధర తగ్గదు. కొత్తలో 70 వేల డాలర్లు పలికిన కారును పాతిక వేలకు కొన్నా, బ్రేకు డిస్కులకూ రేడియేటర్లకూ 70 వేల కారు ధరే కట్టాలి. ఏనుగును సంతలో సగం ధరకు కొన్నంత మాత్రాన అది సగం మేత తినదు. అందుకని 996 కొనేటట్టయితే, క్లచ్చు మార్చే పనితోపాటు ఆ బేరింగు కూడా మార్పించడానికి అయ్యే సొమ్ము ముందే పక్కన పెట్టమన్నాను. గేర్‌బాక్సు దించితే గానీ అది అందదు, ఎలాగూ క్లచ్చుకు దించాల్సిందే. ఆయిల్ ఫిల్టరు కోయించి లోపల లోహపు రజను ఉందేమో చూడమన్నాను. అన్నిటికంటే ముందు పాత బిల్లులన్నీ తెప్పించుకోమన్నాను.

బావ నిన్న రాత్రి ఫొటోలు పంపాడు. బిల్లులు చాలానే ఉన్నాయి, ఆయిల్ మార్పులు, టైర్లు, వాటర్ పంపు. పొద్దున కళ్లజోడు పెట్టుకుని తేదీల వారీగా పేర్చాను. 2011 నుంచి 2014 దాకా ఒక్క కాగితం లేదు. ఆ మూడేళ్లు కారు ఎవరి దగ్గరుందో, నడిచిందో నిలబడిపోయిందో అమ్మేవాడిని అడగమని మెసేజ్ పెట్టాను. "అడుగుతాలే, ముందు రంగు చూశావా?" అని తిరుగు జవాబు వచ్చింది.