సున్నా కూడా లెక్కే

పులికాట్ సరస్సుకు జనం కదిలేది సంక్రాంతికి అటూ ఇటూగా. సూళ్లూరుపేటలో 2001లో మొదలైన ఫ్లెమింగో పండుగ పుణ్యమా అని రాజహంస బొమ్మ లేని గోడ ఆ రోజుల్లో ఊళ్లో కనబడదు. శ్రీహరికోట పోయే రోడ్డు పొడుగునా కార్లు ఆగుతాయి, సెల్‌ఫోన్లు లేస్తాయి. ఫాల్గుణం వచ్చేసరికి ఆ సందడంతా ఎటో పోతుంది. పక్షులను చూడడం ఒక విద్యగా నేర్చుకోవాలనుకునేవాళ్లు వెళ్లాల్సింది ఆ ఖాళీ రోడ్డు మీదికే, మార్చి, ఏప్రిల్ నెలల్లోనే అంటాను. కెమెరా ఉన్నా లేకున్నా ఫర్వాలేదు. బైనాక్యులర్స్, పెన్సిలు, చిన్న నోటుబుక్కు ఉండాలి. ఈ మూడింట్లో నోటుబుక్కే ముఖ్యం. చూసింది రాసి పెట్టకపోతే అది షికారు కిందికే వస్తుంది.

జనవరిలో లెక్క లేదని కాదు. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా ఆ నెలలోనే జరుగుతోంది. చలికాలం మధ్యలో పక్షులు ఒకచోట స్థిరపడి ఉంటాయి కాబట్టి ఏటేటా పోల్చి చూడడానికి అదే సరైన సమయం. అయితే పెళ్లికి ఎంతమంది వచ్చారన్నది ఒక లెక్క, వచ్చినవాళ్లు కడుపునిండా తిని వెళ్లారా అన్నది ఇంకో లెక్క. రెండోది జనవరిలో తేలదు. సైబీరియా ఉత్తరపు అంచున గుడ్లు పెట్టే కర్ల్యూ శాండ్‌పైపర్‌నే చూడండి. గుప్పెడంత పిట్ట, కొస వంగిన నల్ల ముక్కు. చలికాలమంతా బూడిదరంగులో బురదలో కలిసిపోయి, పది రకాల ఉల్లంకుల మధ్య ఆనవాలు చిక్కదు. చైత్రం వచ్చేసరికి మెడ, పొట్ట ఇటుకరంగుకు తిరుగుతాయి. ఒంట్లో కొవ్వు పేరుకుంటుంది. వేల కిలోమీటర్ల దారికి అదే బత్తెం. ఆ బత్తెం సమకూరేది ఇక్కడి బురదలోని పురుగుల వల్లే. రంగు ఎంతవరకు మారింది, పొట్ట నిండుగా ఉందా, వారంలో గుంపు ఎంత తరిగింది అన్నవి వసంతంలో మాత్రమే చదవగలిగే అక్షరాలు. 2024లో ఈ పిట్టను ప్రపంచ స్థాయి జాబితాలో ముప్పున్న జాతుల్లోకి చేర్చారు. దాని బతుకులో మన బురద వంతు ఎంతో చెప్పడానికి జనవరి అంకె ఒక్కటే చాలదు.

ఇంతకంటే ఆసక్తికరమైన సంగతి నీళ్లది. దేశంలోని ఉప్పుటేటి సరస్సుల్లో చిలికా తర్వాత పెద్దది ఇదే, అయినా లోతు తక్కువ. చాలాచోట్ల మనిషి నడిచిపోవచ్చు. ఎండ ముదిరేకొద్దీ నీళ్లు వెనక్కి తగ్గి, నిన్నటి అంచు ఇవాళ పెచ్చులు కట్టిన నేల అవుతుంది. పక్షులు ఆ అంచును పట్టుకుని జరుగుతాయి. పాతిక గ్రాముల లిటిల్ స్టింట్ తడి బురద దాటి లోపలికి దిగదు. కాళ్లు పొడుగున్న గాడ్‌విట్ పొట్ట తడిసేదాకా వెళ్లి ముక్కును మొదలంటా దింపుతుంది. రాజహంస ఇంకా లోపల నిలబడి తల కిందులుగా వంచి నీళ్లను వడగడుతుంది. దగ్గర్లోని నేలపట్టులో గూళ్లు కట్టిన గూడబాతులు చేపలున్న నీటి కోసం ఇక్కడికి ఎగిరొస్తాయి. అంటే ఏ పక్షి ఎక్కడ నిలబడిందో చూస్తే అక్కడ నీళ్లెంతో కర్ర దించకుండానే చెప్పొచ్చు. పుస్తకంలో పక్షి పేరు రాసి నీటి సంగతి రాయకపోతే సగం పేజీ ఖాళీగా వదిలినట్టే. రోడ్డుకు ఉత్తరాన ఉన్నవి ఒక వరసలో, దక్షిణాన ఉన్నవి ఇంకో వరసలో రాయాలి. పొద్దున్నే సూర్యుణ్ణి వీపున పెట్టుకుని పడమటికి చూడాలి. ఎండెక్కితే ఎండమావుల్లో కాళ్ల రంగు కూడా తేలదు.

అరుదైన పక్షి కోసం పరుగులు తీసేవాళ్లంటే నాకు కోపం లేదు గానీ, వాళ్ల పుస్తకాల మీద నమ్మకం తక్కువ. వాటిలో ఒక్క వింత పక్షి ఉంటుంది, దాని చుట్టూ ఉన్న రెండు వందల మామూలు పిట్టలు ఉండవు. చూసినవన్నీ రాసినప్పుడే రాయనిదానికి అర్థం వస్తుంది. పోయిన ఏడాది ఇదే వారం ఇదే చోట ఉన్న తీతువు ఈసారి జాబితాలో లేకపోతే, అది మీరు రాయడం మరిచినందువల్ల కాదని తెలియాలి కదా. 2023లో వచ్చిన భారతదేశ పక్షుల స్థితి నివేదికకు ఆధారం 30,000 మందికి పైగా మామూలు మనుషులు రాసిన 3 కోట్లకు మించిన నమోదులు. 942 జాతుల గురించి అందులో మాట్లాడగలిగారంటే కాకినీ గోరింకనూ వదలకుండా రాసినవాళ్లు ఉండబట్టే.

ఊసుపోక చూసేవాళ్ల లెక్కను ఎవరు నమ్ముతారని శాస్త్రం చదివినవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. వేలమంది రాస్తే తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని కొందరు చెప్పే జవాబు నాకు రుచించదు. కొత్తవాళ్లంతా ఒకే వైపు తప్పుతారు. కనబడిన ప్రతి చిన్న బూడిద పిట్టనూ లిటిల్ స్టింట్ అనేస్తారు. అలాంటి తప్పులు కూడుకుంటాయే గానీ కొట్టుకుపోవు. విరుగుడు వేరే ఉంది. తెలియని చోట ‘చిన్న ఉల్లంకి, పేరు తెలియదు, నలభై’ అని రాసే నిజాయితీ అది. పెద్ద గుంపైతే ముందు ఇరవై పక్షులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, అవి ఎంత మేర పట్టాయో చూసుకుని, ఆ మేరనే కుంచంగా చేసుకుని మిగతా గుంపును కొలవాలి. ఎంతసేపు నిలబడ్డారో కూడా రాయాలి. ఇవన్నీ ఉన్న పేజీలో ఒక పేరు తప్పైనా తర్వాతివాళ్లు సరిచూసుకోగలరు.

చూడబోయేవాళ్లే పక్షులను బెదరగొడతారన్న అభ్యంతరానికి మాత్రం నేను తలవంచుతాను. ప్రయాణానికి కూడబెట్టిన కొవ్వు మనం తోలిన ప్రతిసారీ కొంత కరుగుతుంది. జనవరిలో అది చిన్న తప్పు, ఏప్రిల్‌లో పెద్దది. అందుకే రోడ్డు దిగకూడదు. పక్షి మేత మాని తలెత్తి చూసిందంటే మీరు అప్పటికే దగ్గరికి వచ్చేశారు. ఇక అప్పటికి పక్షులు వెళ్లిపోయి ఉంటాయి కదా అనేవాళ్లకు: అన్నీ వెళ్లవు. ఉల్లంకుల్లో నిరుడు పుట్టిన పిల్లలు చాలావరకు మొదటి వేసవి ఇక్కడే గడుపుతాయి. అవి ఎన్ని, ఎక్కడ ఉంటాయన్నది ఎండకు భయపడి ఎవరూ వెళ్లక రాయకుండా మిగిలిపోయే పేజీ.

అన్నింటికంటే బరువైన ప్రశ్న చేపలవాళ్లది. వలలో పడేది తగ్గిపోతుంటే పిట్టల లెక్కలేమిటని వాళ్లడిగితే నవ్వి ఊరుకోవడం కుదరదు. రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుకతో పూడిపోతోందని, తవ్వించమని వాళ్లు ఎన్నో ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. సముద్రపు నీళ్లు లోపలికి వస్తేనే రొయ్యా, చేపా. నీళ్లు లోతైతే ఉల్లంకుల బురద ఏమవుతుందన్న అనుమానం పక్షిప్రేమికుల్లో రావచ్చు. ఆటుపోట్లు తిరిగి వస్తే రోజూ తడిసి ఆరే కొత్త బురద ఏర్పడుతుందనీ వాదించొచ్చు. నా మొగ్గు రెండో వైపు. కానీ అది మొగ్గే. వసంతంలో వారం వారం నీటి అంచు ఎక్కడుందో, దాని వెంట ఏవి ఎన్ని ఉన్నాయో పదేళ్లపాటు రాసిన పుస్తకాలుంటే ఈ వాదన పెన్సిలుతో తేలేది. ఆ అంచు ఏ రోజు ఎక్కడుందో అందరికంటే బాగా తెలిసినవాళ్లు కూడా చేపలవాళ్లే. లంకమల పాదాల్లో కలివికోడి అనే పక్షి ఇక లేదని పుస్తకాలు అనుకుంటున్న కాలంలోనూ ఆ పేరుతో దాన్ని ఎరిగినవాళ్లు అక్కడి పల్లెల్లో ఉన్నారు. 1986లో అది మళ్లీ దొరకడానికి వాళ్ల తెలివే దారి చూపింది.

వచ్చే ఫాల్గుణంలో ఒక ఆదివారం తెల్లవారకముందే సూళ్లూరుపేటలో రైలు దిగండి. ఒకేచోట గంటసేపు నిలబడండి. తేదీ, గంట, నీళ్లు, పేరు, సంఖ్య రాయండి. దారిలో పడవ తోసేవాళ్లు కనబడితే మీరు చూసిన పిట్టను వాళ్లేమంటారో అడిగి అదీ రాసుకోండి. ఏదీ కనబడకపోతే ఆ గడిలో సున్నా వేసి, కింద తేదీ వేయడం మరిచిపోకండి.