పీకించుకునే ముందు

మా వైపు పన్ను నొప్పితో వచ్చేవాళ్లు కుర్చీలో సర్దుకోకముందే ఒక మాట అనేస్తారు: "పీకెయ్యండి డాక్టరుగారూ, గొడవ వదిలిపోద్ది." సబ్బవరం, పెందుర్తి, అనకాపల్లి చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన ఎందరి నోటో ఆ మాట విన్నాను. దానికి ఓపిగ్గా చెప్పిన జవాబే ఈ పుస్తకం. రాసిన అమ్మాయి నా శిష్యురాలు. సబ్బవరంలో ప్రాక్టీసు చేస్తూ, రోగులు రోజూ అడిగే ప్రశ్నలకు వాళ్లకు తెలిసిన తెలుగులోనే సమాధానాలు రాసింది. చదివి మనసారా సంతోషించాను.

పంటి రంగు ఫిల్లింగ్ అనగానే చాలామంది అది సోకు కోసమనుకుంటారు. మొదటి అధ్యాయంలోనే ఆమె ఈ అపోహ తీర్చింది. వెండి రంగు అమాల్గం పంటికి అతుక్కోదు. ఊడకుండా నిలవాలంటే పైన ఇరుగ్గా, లోపల వెడల్పుగా గుంత తొలవాలి. అందుకోసం బాగున్న పన్ను కూడా కొంత పోతుంది. పంటి రంగు కంపోజిట్ అలా కాదు, అతుక్కుంటుంది. కాబట్టి పుచ్చినంత మేరే తీస్తే చాలు. అందం తర్వాతి సంగతి, మిగిలే పన్ను ముఖ్యం.

ఆ అతుకు కథ చెప్పిన అధ్యాయం నాకు అన్నిటికన్నా నచ్చింది. ఇనుముకు రంగు వేసేముందు ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తే రంగు గట్టిగా పట్టుకుంటుందని ఫ్యాక్టరీల్లో తెలుసు. అమెరికా దంతవైద్యుడు మైకేల్ బ్యూనోకోర్ ఆ కిటుకునే పంటి పింగాణి పొర మీద ప్రయోగించి 1955లో ప్రకటించాడు. ఆమ్లం తగిలిన చోట కంటికి ఆనని గుంతలు పడతాయి, రెజిన్ అనే జిగురు పదార్థం వాటిలోకి దిగి గట్టిపడుతుంది. ఇంటికొకరు షిప్‌యార్డుకో స్టీల్‌ప్లాంటుకో వెళ్లే ఊళ్లలో ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. 1962లో రాఫెల్ బోవెన్ పేటెంటు పొందిన రెజిన్ నేటి కంపోజిట్లకు పునాది.

పని ఎలా జరుగుతుందో కూడా ఆమె పూసగుచ్చినట్టు రాసింది. పుచ్చు తీశాక ఆమ్లపు జెల్ కొన్ని సెకన్లు ఉంచి కడుగుతారు. ఆరబెడితే పింగాణి అంచు సుద్దలా తెల్లబడుతుంది. పైన బాండింగ్ పూసి, కంపోజిట్‌ను రెండేసి మిల్లీమీటర్ల పొరలుగా పెట్టి, ఒక్కో పొర మీదా నీలి లైటు వేస్తారు. గట్టిపడేటప్పుడు అది కాస్త కుంచించుకుపోతుంది కాబట్టే ఈ పొరలు. మధ్యలో ఉమ్మి తగిలితే అతుకు దెబ్బతిన్నట్టే. తొందరపడి గుంతంతా ఒకేసారి నింపితే అంచున సందు పడి, అక్కడే మళ్లీ పుచ్చు మొదలవుతుంది. మరి జనం తప్పు పట్టేది తొందరను కాదు, ఫిల్లింగ్ మందును.

ఒక్కచోట ఆమెతో విభేదిస్తాను. అమాల్గం మీద కాస్త కఠినంగా రాసింది. అందులో దాదాపు సగం పాదరసమే, నిజమే. 2013 నాటి మినమాటా ఒప్పందం దాని వాడకం తగ్గించమంది, మన దేశమూ 2018లో ఆమోదించింది. కానీ తడి ఎంతకీ ఆగని దవడ పళ్లను అది ఏళ్ల తరబడి కాపాడింది. బాగున్న వెండి ఫిల్లింగ్‌ను భయపడి తీయించుకోనక్కర్లేదన్న వాక్యం పుస్తకంలో ఉంది గానీ, పెద్దక్షరాల్లో ఉండాల్సింది.

అనకాపల్లి బెల్లం మార్కెట్‌కు ఇంత దగ్గర్లో బతికేవాళ్లను ఆమె బెల్లం మానెయ్యమనలేదు. తిన్న వెంటనే నోరు పుక్కిలించమంది. రాత్రిళ్లు నిద్ర లేపేంత నొప్పి వచ్చిందంటే తరచుగా ఫిల్లింగ్ వేళ దాటిపోయినట్టేననీ, అప్పుడు కూడా పీకడానికి ముందు రూట్ కెనాల్ సంగతి అడగమనీ స్పష్టంగా చెప్పింది.

రెండో ముద్రణకు ఒక అధ్యాయం కోరుతున్నాను. మన ఉత్తరాంధ్ర తీరాన పెద్దవయసు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు ఉంది. చుట్టను నిప్పున్న కొస లోపలికి పెట్టి తాగుతారు. ఆ వేడి అంగిలిని కాల్చుతుంది, క్యాన్సరుకు దారితీయవచ్చు. ఫిల్లింగ్ కోసం కోడలు వచ్చినప్పుడు, తోడొచ్చిన అత్తగారి అంగిలి కూడా ఒకసారి లైటు వేసి చూడమని తోటి దంతవైద్యులకు చెప్పే ఆ అధ్యాయం ఈమే రాయాలి.