జేనెడు గురి

కొలరాడో రాష్ట్రమునకు వచ్చి స్థిరపడిన మన తెలుగువారిలో ఏటేట కొందరు, ఇచ్చటి పర్వతారణ్యములయెడ పుట్టిన మక్కువ చేతనో, ఇరుగుపొరుగువారి సాంగత్యము చేతనో, తాము తిను మాంసమును తామే సంపాదించుకొనవలెనను పట్టుదల చేతనో వేట వైపునకు మొగ్గుచున్నారు. అట్టివారు నన్ను కలిసినప్పుడు అడుగు మొదటి మాట ఇంచుమించు ఎల్లప్పుడును ఒక్కటియే: "అన్నయ్యగారూ, అన్నిటికీ పనికివచ్చే రైఫిలు ఒక్కటి చెప్పండి, దానిమీద ఏ స్కోపు పెట్టించుకోవాలో కూడా చెప్పండి." దుకాణపు గోడ పొడవునను నిలువుగా పేర్చిన రైఫిళ్ల వరుసను చూచి, ఒక్కొక్కదాని గుణగణములను అమ్మకపువాని నోట విని, తల దిమ్మెక్కి ఇల్లు చేరినవాని ఆవేదన ఆ మాటలలో వినిపించును. నేను నమ్మి ఆచరించుచున్న సమాధానమును, దాని వెనుకనున్న హేతువులతోకూడ, ఈ వారము విన్నవించెదను.

అన్నిటికిని అన్నప్పుడు ముందుగా హద్దులు గీచుకొనవలయును. ఈ రాష్ట్రపు తూర్పు మైదానములలో పరుగులిడు ప్రాంగ్‌హార్న్ 50 కిలోలు తూగుటయే విశేషము. కొండచరియలలో మేయు మ్యూల్ డీర్ మగది 100 కిలోలకు అటునిటుగా ఉండును. మన కణుజును తలపించు ఎల్క్ మగది 300 కిలోలను దాటుట సర్వసాధారణము. ఇచ్చట ఉన్నన్ని ఎల్క్ మృగములు అమెరికాలో మరి ఏ రాష్ట్రమునను లేవు. అక్టోబరు, నవంబరు మాసములలో, రైఫిలు వేటకు అనుమతించిన దినములయందు, వీనిని వెదకుచు 8,000 మొదలు 11,000 అడుగుల వరకు గల ఎత్తులలో, ఊపిరి చాలని చోట, తెల్లవారుజాము మంచులోను, మధ్యాహ్నపు టెండలోను, సాయంకాలపు చినుకులలోను తిరుగవలసియుండును. పగలెల్ల భుజమున మోసి, ఒకానొక క్షణమున ఒక్కమారు ప్రయోగింపవలసిన సాధనమిది. కొన్ని యేడులు ఆ ఒక్కమారును రాకయే పోవచ్చును.

ఆ క్షణమున రైఫిలు చేయవలసిన పని, మృగమును సాధ్యమైనంత త్వరితముగను, సాధ్యమైనంత తక్కువ వేదనతోను పడగొట్టుట. గుండెయు ఊపిరితిత్తులును నెలకొన్న చోటు మ్యూల్ డీర్ దేహమున సుమారు జేనెడు. ఎల్క్ దేహమున అంతకంటె కొంత విశాలము. గుండు ఆ చోటున పడినయెడల మృగము కొద్ది దూరములోనే ఒరిగిపోవును. తప్పి కడుపునందో కాలియందో పడినయెడల, అది ఎంతటి బలమైన తూటాదైనను, ఆ ప్రాణి రాత్రి యెల్ల కొండలలో ఈడ్చుకొనుచు తిరిగి ఎక్కడనో నశించును. కావున తూటా గూర్చియు, బరువు గూర్చియు, స్కోపు గూర్చియు నేను చెప్పబోవునదంతయు ఈ జేనెడు చోటు చుట్టును తిరుగుచున్నది.

మొదట తూటా. అమెరికా సైన్యము 1906లో స్వీకరించిన .30-06 నూరేండ్లు దాటినను ఈనాటికిని నిలిచియున్నది; 1909లో థియోడర్ రూజ్‌వెల్ట్ ఆఫ్రికా వేటయాత్రకు వెళ్లినప్పుడు వెంట తీసికొనిపోయిన రైఫిళ్లలో ఈ తూటాను పేల్చు స్ప్రింగ్‌ఫీల్డ్ ఒకటి. 180 గ్రెయినుల గుండును ఇది సెకనుకు ఇంచుమించు 2,700 అడుగుల వేగముతో పంపును. 200 గజములకు గురి కుదిర్చినయెడల, ఆ గుండు 100 గజముల యొద్ద సుమారు రెండంగుళములు పైకి లేచి, 300 గజముల యొద్ద ఎనిమిది తొమ్మిది అంగుళములు క్రిందికి దిగి, 400 గజములకు చేరునప్పటికి రెండడుగులు దిగజారును. అనగా ఇన్నూరు గజములకు కొంత యావల వరకు వేటగాడు లెక్కలతో పనిలేక రొమ్ము నడుమ గురిపెట్టవచ్చును. మున్నూరు గజములు దాటినప్పుడు దూరమునందలి చిన్న పొరపాటును, ప్రక్కగాలియు గుండును ఆ జేనెడు చోటునుండి తొలగించును. దీనికి తమ్ముడని చెప్పదగిన .308 విన్‌చెస్టర్ 1952లోను, జాక్ ఓకానర్ అను ప్రసిద్ధ వేటరచయిత జీవితకాలము ప్రశంసించిన .270 విన్‌చెస్టర్ 1925లోను, భుజమును కరుణించు 6.5 క్రీడ్‌మూర్ 2007లోను వచ్చినవి. ఈ నాలుగింటిలో దేనిని ఎన్నుకొన్నను దోషము లేదు. ఎల్క్ వేటయే ముఖ్యమైనవానికి .30-06, దేహము సన్ననివారికిని, మొదటిసారి రైఫిలు పట్టినవారికిని .308 అని నేను చెప్పుచుందును. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ వంటి మహాబలశాలులను క్రొత్తవారు కోరరాదు, ఆ .300 యెదురుదెబ్బ .30-06 దానికంటె నాలుగవ వంతునకు పైగా అధికము. మనిషి దేహము ఆ దెబ్బను జ్ఞాపకముంచుకొని, మరుసటిసారి ట్రిగ్గర్ లాగుటకు ముందే తనకు తెలియకుండ ఉలికిపడును; ఆ యులికిపాటు చేయు హాని, అదనపు వేగము చేయు మేలుకంటె పెద్దది.

తూటాకంటె గుండు నిర్మాణము ముఖ్యమని చాలమంది గ్రహింపరు. 1946లో జాన్ నాస్లర్ అను అమెరికా వేటగాడు కెనడాలో మూస్‌పై పేల్చిన గుండ్లు లోతునకు చొరక భుజమునందే చితికిపోగా, ఆయన ఆ లోపమును సహింపక, ముందుభాగము విచ్చుకొని వెనుకభాగము చెదరక చొచ్చుకొనిపోవునట్లు నడుమ రాగి అడ్డుగోడ గల గుండును రూపొందించి, 1948లో పార్టిషన్ అను పేర విక్రయింప నారంభించెను. అట్టి దృఢమైన గుండు గల మధ్యతరగతి తూటా, బలహీనమైన గుండు గల మహాబల తూటాకంటె ఎల్క్ వేటకు మేలు.

రైఫిలు విషయమునకు వత్తము. జర్మనీలో 1898 నాటి మౌజర్ నమూనాతో పరిణతి చెందిన బోల్ట్ యాక్షన్‌నే ఎన్నుకొనుడు; అందలి భాగములు కొద్దివి, దృఢములు; చలిలో వ్రేళ్లు కొంకర్లు పోయినను, చేతితో బోల్ట్‌ను ఎత్తి, లాగి, త్రోసి, దింపినంతనే రెండవ తూటా సిద్ధమగును. 1936లో వచ్చిన విన్‌చెస్టర్ మోడల్ 70, 1962లో వచ్చిన రెమింగ్టన్ 700 ఈ వంశమువే. మన కాలపు సామాన్యమైన వెలకు దొరకు బోల్ట్ రైఫిళ్లు సయితము నూరు గజములలో అంగుళమున్నర వలయములో గుండ్లు వేయగలవు; వేటకు అంతకుమించిన సూక్ష్మత అక్కరలేదు. కాబట్టి వెలను చూచి వగవక, తుపాకి మడమ భుజమున చక్కగా ఒదుగుచున్నదా, చెంప ఆనించినంతనే కన్ను స్కోపు నడిమికి వచ్చుచున్నదా, సేఫ్టీ మీట బొటనవ్రేలికి వెదకకుండ అందుచున్నదా యని చూడవలయును. ఒకరి కాలికి కుదిరిన చెప్పు మరొకరి కాలిని కరచునట్లు, ఒకరు మెచ్చిన రైఫిలు మరొకరి భుజమునకు కుదరకపోవచ్చును.

బరువు గూర్చి ఆలోచించునప్పుడెల్ల నాకు జెఫ్ కూపర్ జ్ఞప్తికి వచ్చును. అమెరికా మెరైన్ దళములో పనిచేసి, 1976లో అరిజోనాలో గన్‌సైట్ అను శిక్షణాలయమును స్థాపించిన ఆయన, ఒక్క మనిషి సులువుగా మోసి, ఒక్క దెబ్బతో నిర్ణయము తేల్చగల సర్వార్థసాధకమైన రైఫిలు ఎట్లుండవలెనో 1983 మొదలు సహచరులతో చర్చించి, ఒక మీటరు పొడవు, స్కోపుతోకూడ మూడు కిలోల బరువు, .308 తూటా, రెండు మూడింతలు మాత్రమే పెద్దదిగా చూపు స్కోపు అని లక్షణములు నిర్దేశించెను. స్టయర్ అను ఆస్ట్రియా సంస్థ 1998లో ఆ లక్షణములతో స్కౌట్ రైఫిలును విడుదల చేసినది. గొట్టము మీద ముందునకు జరిపి అమర్చు ఆయన స్కోపు పద్ధతిని నేను అనుసరింపను. కాని ఆయన వేసిన ప్రశ్న నాకు గురుతుల్యము. యంత్రము ఎంత చేయగలదని గాక, మనిషి ఎంత మోయగలడు, ఎంత దూరమున కచ్చితముగా కొట్టగలడు అని ఆయన ఆరంభించెను. అయితే మూడు కిలోల రైఫిలు .30-06 తూటాతో భుజమును బాధించును. స్కోపు, భుజపు పట్టీ, తూటాలతోకూడ మూడున్నర నాలుగు కిలోల నడుమ ఉన్న రైఫిలు మోయుటకును పేల్చుటకును సమరసముగా ఉండునని నా యనుభవము.

స్కోపును ఎన్నుకొనుటలో క్రొత్తవారు ఎక్కువ పెద్దదిగా చూపుదానివైపు ఆకర్షింపబడుదురు. మూడింతల యొద్ద నుంచినప్పుడు నూరు గజముల దూరమున సుమారు 30 అడుగుల వెడల్పు గల దృశ్యము కానవచ్చును. తొమ్మిదింతలకు త్రిప్పినంతనే అది 13, 14 అడుగులకు కుంచించుకొనిపోవును. చెట్ల సందున కదలిపోవు మృగమును పట్టుకొనుటకు ఆ వెడల్పే ఆధారము. మరియొక రహస్యము వెలుగునకు సంబంధించినది: ముందు కటకపు వ్యాసమును ఇంతల సంఖ్యతో భాగించినయెడల కంటికి చేరు కాంతిరేఖ వ్యాసము వచ్చును. 40 మిల్లీమీటర్ల కటకమును నాలుగింతల యొద్ద ఉంచినప్పుడు అది 10 మిల్లీమీటర్లు, తొమ్మిదింతల యొద్ద నాలుగున్నరకు లోపు. సంధ్యవేళ కనుపాప అయిదు మొదలు ఏడు మిల్లీమీటర్ల వరకు విప్పారును గనుక, సూర్యోదయమునకు అరగంట ముందును, సూర్యాస్తమయమునకు అరగంట తరువాతను చట్టము వేటను అనుమతించు ఆ మసక వెలుగులో తక్కువ ఇంతలే ఎక్కువ చూపును. కాబట్టి రెండు మొదలు ఏడింతలదో, మూడు మొదలు తొమ్మిదింతలదో చాలును. దానిని ఎల్లప్పుడును కనిష్ఠమునందే ఉంచి నడువవలయును. లోపల నత్రజని నింపి మంచు పట్టనీయకుండ మూసినదియు, కంటికిని కటకమునకును నడుమ మూడున్నర నాలుగంగుళముల ఎడము నిచ్చునదియు కావలయును. ఆ ఎడము చాలనిచో ఎదురుదెబ్బకు స్కోపు అంచు కనుబొమను చీల్చును. అంచులలో లావుగను, నడుమ సన్నముగను ఉండు డ్యూప్లెక్స్ గీతలు, ల్యూపోల్డ్ సంస్థ 1962లో ప్రవేశపెట్టినవి, మసకలోను నడిమిచోటును చూపును. రైఫిలునకు పెట్టినంత ధనము స్కోపునకును పెట్టుటకు వెనుదీయరాదు.

ఇంకొక్క మాట. స్కోపు వెదకుటకు కాదు. స్కోపుతో అడవిని గాలించువాడు తుపాకి గొట్టముతో అడవిని గాలించుచున్నాడు. ఆ గొట్టము యెదుట పొద మాటున తోటి మనిషి ఉండవచ్చును. వెదకుటకు బైనాక్యులర్లు వేరుగా ఉండవలయును. సరయూతీరమున చీకటిలో కడవ మునుగు చప్పుడు విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని భ్రమించి శబ్దవేధి బాణమును విడిచిన దశరథుని కథ మనకు ఉగ్గుపాలతో తెలిసినదే. ఆయన ధనుస్సునందు లోపము లేదు, గురియు తప్పలేదు. చూడక కొట్టుట యొక్కటియే మునికుమారుని ప్రాణము తీసి, ఆయనను పుత్రశోకమునకు గురిచేసినది. కొలరాడోలో రైఫిలు వేటగాండ్రు 500 చదరపు అంగుళములకు తగ్గని మిరుమిట్లు గొలుపు నారింజ లేక గులాబి రంగు వస్త్రమును ధరింపవలెననియు, 1949 జనవరి 1 నాడును ఆ తరువాతను పుట్టినవారు వేటశిక్షణలో ఉత్తీర్ణులు కావలెననియు ఉన్న నియమములలో ఆ పురాణనీతియే చట్టరూపమును ధరించినదని నాకు తోచును. వీసా మీద ఉన్నవారు తుపాకి ముట్టుటకు ముందే న్యాయవాదిని సంప్రదింపవలయును. అట్టివారికి తుపాకిని సామాన్యముగా నిషేధించు కేంద్రచట్టమున వేట లైసెన్సు గలవారికి ఒక మినహాయింపు ఉన్నది.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 1991లో సవరించుటతో వేట ముగిసినది, అది సముచితమని నా దృఢవిశ్వాసము. ఇచ్చట మందల నెంచి, లైసెన్సులను పరిమితము చేసి వేటను అనుమతింతురు. 1937 నాటి చట్టము ప్రకారము రైఫిళ్లపైనను తూటాలపైనను విధించు నూటికి 11 వంతుల సుంకము వన్యమృగ రక్షణకే చెందును. అయినను పాత భారతదేశపు వేటగాండ్రనుండి నేర్చుకొనదగిన పాఠమొకటి కలదు. జిమ్ కార్బెట్ 1926లో రుద్రప్రయాగ చిరుతను కూల్చినది .275 రిగ్బీ అను తేలికపాటి రైఫిలుతో. మన నాటి చిత్తూరు జిల్లా చామల లోయలో నరభక్షకమైన పులిని వెంటాడిన కెన్నెత్ ఆండర్సన్ చేత నున్నది .405 విన్‌చెస్టర్. వారి కీర్తికి ఆయుధబలము కారణము కాదు. అడుగుజాడలు చదివి, గాలివాలు తెలిసి, ఓపికతో దగ్గరకు చేరు విద్యయే కారణము.

కావున రైఫిలు కొని, స్కోపు బిగించి, గురి కుదిర్చికొన్నవారికి నా మనవి యిది. మిగిలిన ధనమును మరొక రైఫిలునకు గాక తూటాలకు వినియోగింపుడు. జేనెడు వెడల్పు గల కాగితపు పళ్లెమును నిలిపి, బల్లమీద ఆనించి కాక, కూర్చుండియు, మోకాలిపై నిలిచియు, వీపుసంచిపై ఆనించియు, గొట్టము చల్లగా ఉన్నప్పటి మొదటి గుండుతో కొట్టి చూడుడు. 100 గజముల నుండి క్రమముగా వెనుకకు జరుగుచు, వారము వెంట వారము తప్పక పళ్లెమును తాకగల దూరమెంతో తెలిసికొనుడు. చాలమందికి అది ఇన్నూరు గజములకు లోపే తేలును. రైఫిలు సామర్థ్యము దానికి రెండింతలుండవచ్చును, ఆ హెచ్చు మనది కాదు. ఆ అంకెను చిన్న పుస్తకములో వ్రాసికొని, కొండమీద ఆయాసమును, చలిని, గుండెదడను తలంచి మరికొంత తగ్గించుకొనుడు. దాని కావల ఎంతటి కొమ్ములు గల ఎల్క్ నిలిచినను, స్కోపును తొమ్మిదింతలకు త్రిప్పక, గాలికి ఎదురుగా నడచి దగ్గరకు చేరుటకు యత్నింపుడు. చేరలేనిచో ఆ దినమునకు దానిని విడిచిపెట్టుడు. ఈ నియమమునకు లోబడినవాని చేతిలో సామాన్యమైన .30-06 రైఫిలు ఈ రాష్ట్రపు మృగములన్నిటికిని చాలును. లోబడనివానికి ఎంతటి రైఫిలును చాలదు.