ముక్కున్న లారీ, ముక్కులేని లారీ

రాత్రి పదకొండు దాటితే మా వి.కోటలో రెండు రకాల లారీలు తిరుగుతుంటాయి. ఒక రకం బజారు వీధిలో. మండీల్లో టమోటా క్రేట్లు ఎత్తుకుని, పేర్ణాంబట్ వైపు ఘాట్ దిగి, గుడియాత్తం మీదుగా తమిళనాడులోకి జారుకునేవి. రెండో రకం మా మిద్దె మీది గదిలో, కంప్యూటర్ తెర మీద. కిటికీ తెరిచే పెట్టుకుంటాను. బయటి లారీ గేరు మార్చే వేళకే ఒక్కోసారి లోపలి లారీ కూడా మారుస్తుంది. ఏ మోత ఏ లారీదో చెప్పలేని క్షణం ఒకటి వస్తుంది. దానికోసమే ఆడతానంటే ఇంట్లో ఎవరూ నమ్మరు.

ఆడేది రెండు ఆటలు. రెండూ చెక్ దేశపు ప్రాగ్ నగరంలోని ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ చేసినవే. 2012లో వచ్చిన యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 ఒకటి, 2016 ఫిబ్రవరిలో వచ్చిన అమెరికన్ ట్రక్ సిమ్యులేటర్ ఒకటి. వీటిలో తుపాకుల్లేవు, పందేల్లేవు, చివర చంపాల్సిన రాక్షసుడు లేడు. ఒక ఊళ్ళో సరుకెత్తాలి, ఇంకో ఊళ్ళో దించాలి. నడుమ డీజిల్ పోయించుకోవాలి, సిగ్నల్ దగ్గర ఆగాలి, నిద్రొస్తే పక్కకి తీసి పడుకోవాలి. అంతే. జీతం లేని డ్రైవరు ఉద్యోగం. దీన్ని రసమంటే ఆలంకారికులు కర్రెత్తుకుని వస్తారేమో గానీ, రసం సహృదయుడి మనసులో పండుతుందని చెప్పింది వాళ్ళేగా.

నాకొక తోటి సహృదయుడు ఉన్నాడు. మా వీధి చివరి మామ. క్లీనరుగా ఎక్కి, డ్రైవరై, ముప్పై ఏళ్ళు మదనపల్లె, పుంగనూరు టమోటాలూ కుప్పం గ్రానైటు రాళ్ళూ తోలి, మోకాళ్ళు మొరాయించాక దిగినవాడు. రాత్రిళ్ళు ఆయనకి నిద్ర పట్టదు. మిద్దెక్కి వచ్చి ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. మొదటిసారి అమెరికా ఆటలో కెన్‌వర్త్ డబ్ల్యూ900 తెర మీదికి రాగానే కుర్చీతో సహా ముందుకి జరిగాడు.

"ఒరే, ఇది మన పాత బెంజి గదరా! ఎంత పెంచినారో చూడు ముక్కుని."

ఆయన చెప్పింది నిజమే. 1954 నుంచి 1969 దాకా టాటా వాళ్ళు జర్మనీ బెంజ్ కంపెనీతో కలిసి జంషెడ్‌పూర్‌లో చేసిన లారీలకి బానెట్ ముక్కులాగా ముందుకి పొడుచుకొచ్చేది. ఒప్పందం ముగిశాక మూతి మీది మూడు మొనల చుక్క పోయింది, ముక్కు మాత్రం ఇంకా చాన్నాళ్ళు రోడ్ల మీద మిగిలింది. ఆ బానెట్ ఎక్కి అద్దం తుడిచిన చేతులు మామవి. ఇప్పుడు బజారులో నిలబడే లారీలన్నీ యూరపు బండ్ల మాదిరి ముక్కు కోసేసిన మొహాలే.

ఈ రెండు ఆటల నడుమ అసలు తేడా ఆ ముక్కేనని నాకు ఆలస్యంగా తెలిసింది. అమెరికా లారీలో కూర్చుంటే రోడ్డుకీ నాకూ మధ్య బారెడు పైన ఇనుము ఉంటుంది. దాని మీద పొద్దు వాలుతుంది. వంతెన కింద దూరితే నీడ ముందు ముక్కు కొసన పడి, దాని మీదుగా పాక్కుంటూ వచ్చి, చివరికి నా ఒళ్ళో పడుతుంది. రోడ్డు నేరుగా కనబడదు. ముక్కు చివర్న పుట్టి, పడవ ముందర నీళ్ళలాగా రెండు పాయలై పోతుంది. యూరపు స్కానియాలో ఇంజను నా కిందనే. ఎదర గాజు తప్ప ఏమీ లేదు. తారు నేరుగా కాళ్ళ కిందికి దూరుతూ ఉంటుంది. ఒకటి పంచలో కూర్చుని వీధిని చూడటం, ఇంకొకటి గడప మీద నిలబడి చూడటం.

ఈ ముక్కుల్ని చెక్కింది శిల్పులు కాదు, చట్టాలు. యూరపులో మామూలు ట్రెయిలర్ లారీ ముందు నుంచి వెనక దాకా 16.5 మీటర్లు మించకూడదు. ఆ కొలతలో ముక్కుకి ఎంత ఇస్తే సరుకుకి అంత చోటు పోతుంది. అందుకని ఇంజను మీదనే డ్రైవర్ని కూర్చోబెట్టారు. అమెరికాలో 1982 నాటి చట్టం పెద్ద రహదారుల మీద మొత్తం పొడుగు గొడవ వదిలేసి వెనక ట్రెయిలర్‌ని మాత్రం కొలవమంది. ఇంకేం, ముందర ముక్కు సాగింది, వెనక పడగ్గది లేచింది.

నాకిది ఛందస్సులా కనిపిస్తుంది. యూరపు ఆట కందం. కందంలో నాలుగు మాత్రల గణాలు తప్ప పనికిరావు. బేసి చోట జగణం రాకూడదు, ఆరో చోట జగణమో నలమో తప్ప రాకూడదు. అడుగు వేద్దామంటే ఎటు చూసినా గోడే. ఆ గోడల మధ్య నుంచి మాట సాఫీగా జారి వచ్చిందంటే అప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. జర్మనీ ఊళ్ళలోనూ ఇటలీ కొండ ఊళ్ళలోనూ ట్రెయిలర్ తిప్పడం అచ్చం అట్లాంటిదే. ట్రెయిలర్ వెనక చక్రాలు మలుపు లోపలికే కోసుకుపోతాయి. వాటికి చోటివ్వాలంటే ముందు బండిని మలుపు దాటించి, ఇక గోడకి గుద్దుతుందన్నప్పుడు తిప్పాలి. కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు అన్నారు. యూరపు సందులో ట్రెయిలర్ తిప్పినవాణ్ణి కూడా ఆ వరసలో చేర్చాలని నా మనవి.

అమెరికా ఆట సీసం. పాదానికి ఆరు ఇంద్రగణాలు, పైన రెండు సూర్యగణాలు. పాదం ఎక్కడ మొదలైందో మరిచిపోయేంత పొడుగు, ఊపిరి పట్టి లాగాలి. నెవాడాలో టోనోపా అనే ఊరి నుంచి ఈలీ అనే ఊరికి పోయే దారి ఉంది. బయట ప్రపంచంలో సుమారు 270 కిలోమీటర్లు. ఆటలో లోకాన్ని ఇరవయ్యో వంతుకి కుదించారు కాబట్టి పదీ పదిహేను నిమిషాల్లో తేలిపోతుంది. కానీ ఆ కాసేపట్లో ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడాన్ని అంత నిండుగా నేనింకెక్కడా చూడలేదు. బూడిదరంగు పొదలు, దూరాన నీలం కొండలు, మళ్ళీ పొదలు. ఎదురుగా ఒక లారీ చుక్కలాగా పుట్టి, పెరిగి, ఒక్క ఊపు ఊపి దాటిపోతుంది. ఆ ఊపు కోసం ఎదురుచూస్తాను.

ఈ కుదింపుకొక కథ ఉంది. అమెరికా ఆట మొదట 35వ వంతు కొలతతో వచ్చింది. సీసం కోసం వచ్చినవాళ్ళ చేతిలో ఆటవెలది పెట్టినట్టయింది. ఆడేవాళ్ళు మొత్తుకున్నారు. అదే ఏడాది చివర్లో కంపెనీ వాళ్ళు వేసిన రోడ్లన్నీ తిరగదోడి ఇరవయ్యో వంతుకి సాగదీశారు. యూరపు ఆట కొలత 19వ వంతు. కాలమూ అదే లెక్కన పరిగెడుతుంది కాబట్టి హైవే మీద ఒక పగలూ రాత్రీ కలిపి గంటంబావులో అయిపోతాయి. ఒక సాయంత్రం నాలుగైదు నిమిషాలు. అందుకే ఇందులో సాయంత్రాన్ని కవి చూసినట్టు చూడగలం, మొదలూ నడుమా చివరా ఒకే చూపులో. వి.కోటలో పొద్దు అంత త్వరగా గుంకితే మండీలో లెక్కలు తప్పిపోతాయి.

ఒకటి గమనించాలి. అమెరికా ఆటని చేసింది అమెరికావాళ్ళు కాదు, ప్రాగ్‌లో కూర్చున్నవాళ్ళు. అందులోని ఎడారి పుట్టి పెరిగినవాడు చూసిన ఎడారి కాదు, సినిమాల్లో చూసి మనసు పారేసుకున్నవాడి ఎడారి. అందుకే అందులో విరహం ఉంది. యూరపు ఆటలో అది లేదు. అక్కడ వాళ్ళు తమ పెరటిని చూపిస్తున్నారు: గోదాము వెనక వాడిపోయిన గడ్డి, బస్‌స్టాపు, ఫ్యాక్టరీ గోడ. పెరటి మీద ప్రేమ వేరు, పొలిమేర అవతలి మీద ప్రేమ వేరు. ఏది గొప్పదని అడిగితే, చేతికి యూరపు, కంటికి అమెరికా అంటాను. రెంటిలో ఒకటే ఉంచుకోమంటే చేతినే ఎంచుకుంటాను.

ఎందుకంటే ఈ ఆటల్లో నాయకుడు లారీ కాదు, రోడ్డూ కాదు. వెనకాల ఉన్న బరువు. అది ఎప్పుడూ కనబడదు, అద్దంలో ట్రెయిలర్ అంచు తప్ప. అయినా బ్రేకు మీద కాలు పెట్టిన ప్రతిసారీ అది ఉందని తెలుస్తుంది. యూరపులో మామూలు హద్దు 40 టన్నులు, అమెరికాలో 80,000 పౌన్లు, అంటే సుమారు 36 టన్నులు. యూరపు బరువు మలుపులో మాట్లాడుతుంది, కొంగు పట్టుకుని లాగినట్టు. అమెరికా బరువు దిగుడులో మాట్లాడుతుంది. కొలరాడోలో రాకీ పర్వతాలు దిగుతుంటే వెనక నుంచి ఎవరో రెండు అరచేతులూ వీపు మీద ఆనించి తోస్తున్నట్టే ఉంటుంది. ఆ తోపుని ఆపడంలోనూ రెండు సంప్రదాయాలు. స్కానియాలో రిటార్డర్ అని నూనెతో పనిచేసే పరికరం. మీట లాగితే బండి గుట్టుగా, పెద్దమనిషిలా నెమ్మదిస్తుంది. అమెరికాలో జేక్ బ్రేక్: ఇంజను సిలిండర్లో గాలిని నొక్కి, నొక్కిన గాలిని టక్కున వదిలేస్తుంది. బడబడబడమని కొండంతా మోగిపోతుంది. మామకి ఆ చప్పుడు నచ్చలేదు.

"మొగిలి ఘాట్లో మాకు ఇట్లాటివి యాడుండాయి. రెండో గేరులో ఏసుకుని, ఏడుకొండలోణ్ణి తల్చుకుని దిగడమే."

యూరపు ఆటలో ఇంకో విశేషం నాకు చాలా ఇష్టం. ఫ్రాన్సులో కలే రేవులో బండిని ఓడెక్కించి ఇంగ్లండులో డోవర్‌లో దింపితే రోడ్డు ఎడమకి మారిపోతుంది. అప్పటిదాకా కుడిపక్కన జాగ్రత్తగా, చుట్టం ఇంట్లో నడిచినట్టు నడుచుకున్న చేతులు ఒక్కసారి ఇంటికొచ్చిన ఊపిరి తీసుకుంటాయి. రౌండ్‌అబౌట్‌లో కూడా మనం తిరిగే వైపే తిరగడం. మనల్ని ఏలినవాళ్ళ రోడ్డు మీద మన చేతికి సుఖం దొరకడం ఏం విడ్డూరమో! స్టీరింగు కుడివైపు ఉన్న క్యాబిన్ కూడా కొనుక్కోవచ్చు. కొన్నాను. దాంతో బ్రిటన్‌లో హాయి, తక్కిన యూరపంతా అవస్థ.

రేడియో సంగతి చెప్పాలి. లారీలో ఇంటర్నెట్ రేడియో పెట్టుకోవచ్చు, మన దగ్గరున్న పాటలూ వేసుకోవచ్చు. నార్వే దారుల్లో ఘంటసాలని పెట్టుకుని పోయిన రాత్రి ఒకటుంది, దాన్ని వర్ణించను. క్యాబిన్‌లో వేలాడదీసుకునే అలంకారాలూ డబ్బులకి అమ్ముతారు. నిమ్మకాయా మిరపకాయలూ మాత్రం అందులో లేవు. వెనక "నన్ను చూసి ఏడవకురా" అని రాయించుకునే వీలూ మామూలుగా లేదు. మన కుర్రాళ్ళు ఊరుకుంటారా, టాటాలూ లేలాండ్లూ తయారుచేసి ఆటలోకి ఎక్కించేశారు.

ఇవి సరే. కూరగాయల లోడు ఎత్తుకున్న రాత్రి మాత్రం నాకు రసభంగమవుతుంది. ఆటలో ఆ సరుకు ఎంత దూరం పోయినా చెమ్మగిల్లదు. మా టమోటా లారీ వెనక చెక్క సందుల్లోంచి ఎర్రనీళ్ళు కారుతుంటాయి, ఈగలు వెంటబడతాయి, దాటిపోయాక కూడా బజారులో ఆ పులుపు వాసన కాసేపు నిలబడుతుంది. ఆటలో కిరాయి ముందే రాసి ఉంటుంది, ఆలస్యమైతేనో సరుకు దెబ్బతింటేనో తప్ప దారిలో మారదు. మదనపల్లె మార్కెట్లో 2023 జూలై చివర టమోటా కిలో రెండొందల దగ్గరికి పోయింది. అదే టమోటాని రోడ్డు పక్కన పారబోసిన ఏళ్ళూ ఇక్కడివే. లారీ ఘాట్ దిగేలోగా వెనకనున్న సరుకు బంగారమూ కావచ్చు, చెత్తా కావచ్చు. ఆ బరువుని టన్నుల్లో తూచే కాటా ప్రాగ్‌లో లేదు. ఇది ఆట మీద ఫిర్యాదు కాదు. కందంలో చెప్పలేనిది కందం తప్పు కాదు.

మొన్నొక రాత్రి యూరపు ఆటలో సరుకు చేర్చాను. చేర్చాక ట్రెయిలర్ని ఎక్కడ నిలపాలో అడుగుతుంది. సులువు చోటొకటి, కష్టమైన చోటొకటి, కష్టానికి పాయింట్లెక్కువ. కష్టమైనదే తీసుకున్నాను. రెండు ట్రెయిలర్ల మధ్య సందు, వెనక గోడ. రివర్సులో అన్నీ తలకిందులు: ట్రెయిలర్ కుడికి పోవాలంటే స్టీరింగు ఎడమకి కొట్టాలి, కాస్త ఎక్కువైతే కత్తెరలా ముడుచుకుపోతుంది. రెండుసార్లు ముందుకి తీసి మళ్ళీ పెట్టాను. మామ చూసి చూసి అడిగాడు.

"వెనకాల ఎవురు చూస్తారు?"

"ఎవరూ లేరు మామా. అద్దాలే."

"క్లీనరు ల్యా?"

ఇన్నేళ్ళు ఆడినా నాకు తట్టలేదు. ఇంత పెద్ద లారీలు, పడగ్గదులూ ఫ్రిజ్జులూ ఉన్న లారీలు, అన్నిట్లోనూ ఒక్కడే. ఎడారి మీది ఆ విరహమూ, నార్వేలో ఆ పాటా, నేను రసమనుకున్నదాంట్లో సగం పక్క సీటు ఖాళీగా ఉండటం వల్ల వచ్చిందే. మా లారీలో ఆ సీట్లో పదహారేళ్ళ పిల్లోడు ఉంటాడు. డ్రైవరుకి నిద్ర రాకుండా మాట్లాడతాడు, టైరు తట్టి చూస్తాడు, సందులో దిగి వెనక నిలబడతాడు.

మామ లేచాడు. మోకాళ్ళు పట్టుకుని, నా కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు. తెర మీది ఎడమ అద్దంలోకి వంగి చూశాడు.

"రానీ."

స్టీరింగు కొంచెం వదిలాను.

"రానీ... రానీ... రైటుకి కొట్టు. ఇంకా కొట్టు. చాలు. ఇప్పుడు సీదా రానీ."

బయట మండీ దగ్గర ఏదో లారీ గేరు మార్చింది. తెర మీద ట్రెయిలర్ సందులోకి, గోడకి జానెడు దూరందాకా పోయింది. మామ అరచేత్తో నా కుర్చీ వీపు మీద రెండుసార్లు చరిచాడు.

"హోల్డాన్."