అటక మీది విత్తనం

మెట్ట రైతు ఇంట్లో దుక్కి మగవాళ్ల చేతిలో ఉంటుంది, విత్తనం ఆడవాళ్ల చేతిలో ఉంటుంది. నాగలి కొట్టంలో అందరికీ కనబడుతుంది. విత్తనం మాత్రం అటక మీదో, ఉట్టి మీదో, గుమ్మి పక్కన మూతికి పేడ మెత్తిన కుండలోనో ఉంటుంది. ఇంటావిడ చెబితే తప్ప దొరకదు. జొన్న, కంది, పెసర, అనుము, సెనగ, కుసుమ పండే తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో ఒక రైతు ఇల్లాలి ఆయుష్షంతా ఈ కుండ చుట్టూ తిరిగేది. దీన్ని ఇంటిపని అన్నారు కానీ వ్యవసాయం అనలేదు. ఆ పేరు పెట్టడంలోనే పెద్ద పొరపాటు జరిగింది.

పని చేటతో మొదలవుతుంది. చెరగడం వచ్చిన పిల్లకు తాలుకూ గట్టి గింజకూ తేడా చేతి బరువులోనే తెలిసిపోతుంది. తూర్పారపట్టిన రాశిలోంచి విత్తనం తీయడం ఆ తర్వాతి మెట్టు. అయితే జొన్న విషయంలో మంచి ఇల్లాలు రాశి దాకా ఆగదు. కోతకు ముందే చేలో తిరిగి, నిండుగా ఉన్న, తెగులు సోకని, ఒకే ఈడున పండిన కంకులను విడిగా కోసుకుంటుంది. చేను గట్టున ఉన్నవాటిని వదిలేస్తుంది. గట్టు మొక్కకు ఎండా చోటూ ఎక్కువ దొరుకుతాయి కాబట్టి దాని పుష్టి విత్తనం గొప్పతనం కాకపోవచ్చు. మొక్కల ఎంపిక గురించి వ్యవసాయ కళాశాలలో చెప్పే పాఠంలోనూ ఈ జాగ్రత్తే ఉంటుంది.

కోసిన కంకులను కట్టలుగా కట్టి పొయ్యికి పైన, దూలానికి వేలాడదీస్తారు. రోజూ తగిలే పొగ గింజను పొడిగా ఉంచుతుంది, పురుగును దగ్గరకు రానివ్వదు. వంట చేస్తుండగానే విత్తనం కాపలా కూడా జరిగిపోతుంది. దీనికంటూ విడిగా గంట కేటాయించే వీలు ఏ రైతు ఇల్లాలికీ లేదు మరి.

అన్నిటికన్నా తిప్పలు పెట్టేవి పప్పుధాన్యాలు. పెసలకూ కందులకూ పట్టే పుచ్చు పురుగు చేలోనే కాయ మీద గుడ్డు పెడుతుంది. పంట ఇంటికొచ్చేటప్పటికే గింజలో పిల్లపురుగు ఉంటుంది. అందుకే ఎండబెట్టడంలో అంత పట్టుదల. గింజను పంటికింద పెట్టి కొరికితే కటుక్కుమని విరగాలి, మెత్తగా నలిగితే ఇంకో రెండు ఎండలు కావాలి. ధ్రువీకరించిన పప్పుధాన్యాల విత్తనంలో తేమ 9 శాతం మించకూడదని ప్రమాణం. ఆ పన్నుకు అంకె తెలియదు, హద్దు తెలుసు. ఎండిన గింజ చల్లారాక, జల్లించిన బూడిద కలిపి కుండకెత్తుతారు. బూడిద గింజల మధ్య సందులను నింపి పురుగును కదలనివ్వదు. దాని ఒంటి మీది మైనపు పొరను గీరేయడంతో అది లోపలి తేమంతా పోగొట్టుకుని ఎండి చస్తుంది. కొందరు ఎండిన వేపాకు పొరలు పొరలుగా వేస్తారు. కొందరు అరచేతికి ఆముదం రాసుకుని గింజలను పులుముతారు. నూనె పూసిన గింజ మీద గుడ్డు సరిగా అంటదు, అంటినా బతకదు.

పెరటి విత్తనం దారి వేరు. బీర, సొర, గుమ్మడి పాదుల్లో తొలికాపులోనో నడికాపులోనో చక్కటి కాయ ఒకటి చూసి తీగ మీదే వదిలేస్తారు. దాన్ని కూరకు కోస్తే ఆ రోజు ఇంట్లో గొడవే. సొరకాయకు చేదు పరీక్ష తప్పదు. ఆ పాదులో కాసిన కాయలు చేదని తేలితే విత్తనం దాచరు. చేదు తర్వాతి తరానికి దిగుతుంది, తేనెటీగల వల్ల పక్క పాదుకూ పాకుతుంది. ఎండిన బీరకాయను గింజలతోనే చూరుకు వేలాడదీస్తే పెంకే దానికి డబ్బా.

తొలకరికి ముందు మొలక చూస్తారు. లెక్కపెట్టిన గింజలను తడిగుడ్డలో మూటకట్టి, రెండు మూడు రోజులకు విప్పి, ఎన్ని మొలిచాయో చూసి ఎకరానికి ఎంత పోయాలో తేలుస్తారు. ఏరువాక సాగాక గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో గింజ పోసే చేయి కూడా చాలా ఊళ్లలో ఆడచేయే. వేలి సందుల్లోంచి గింజ ఎంత జారాలో ఆ చేతికి అలవాటు. విత్తనం లేని ఇంటికి అప్పు ఇచ్చేదీ ఆమే. పంట వచ్చాక మానికకు మానికన్నరగానో రెండు మానికలుగానో తిరిగి వచ్చే ఆ లెక్క ఏ కాగితం మీదా ఉండదు. ఒక ఊరి చిక్కుడు ఇంకో ఊరు చేరింది చాలాసార్లు పెళ్లికూతురి కొంగుముడిలోనే.

ఇదంతా పాలు తీయడం, పేడకళ్లు ఎత్తడం, చేనికి సద్ది మోయడం, పిల్లలూ పురుళ్లూ సాగుతుండగానే జరిగేది. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి దాన్ని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, చేసే మగవాళ్లు వెచ్చించేది 88 నిమిషాలు. ఆ 289లో ఎన్ని నిమిషాలు నిజానికి సేద్యానివో విడదీయడం ఎవరి తరమూ కాదు. 2015-16 వ్యవసాయ గణనలో ఆడవాళ్ల పేరున నమోదైన కమతాలు దేశంలో దాదాపు 14 శాతమే. పట్టా పుస్తకంలో పేరు లేకపోతే కాగితాల్లో ఆమె రైతు కాదు, రైతు భార్య.

కుండ ఖాళీ అవడం 1960ల్లో మొదలైంది. 1964లో తొలి సంకర జొన్న సీఎస్‌హెచ్-1 విడుదలైంది. సంకర విత్తనం నుంచి తీసిన గింజ మళ్లీ వేస్తే చేను ఒక్క తీరుగా రాదు, దిగుబడి పడిపోతుంది. ఏటా కొనాల్సిందే. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక మెట్ట పొలాల్లో ఎన్నో చోట్ల జొన్న, కందుల చోటును పత్తి ఆక్రమించింది. విత్తనం 450 గ్రాముల ప్యాకెట్టుగా దుకాణం నుంచి వచ్చింది. దుకాణానికి వెళ్లేది మగవాళ్లు. ఏ పంట, ఏ రకం, ఎంత అన్న నిర్ణయంలో ఇల్లాలి మాటకున్న బరువు అక్కడే పోయింది. దిగుబడి పెరగడం నిజమే. ఈ నష్టాన్ని మాత్రం ఎవరూ లెక్కకట్టలేదు. రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు అని 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం చెబుతుంది. అయితే ఆ హక్కు వాడుకోవడానికి ఇంట్లో విత్తనమంటూ ఉండాలి.

జహీరాబాద్ ప్రాంతంలో అది ఇంకా ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని ఆడవాళ్లు, ఎక్కువమంది దళిత కుటుంబాల వాళ్లు, ఊరూరా విత్తన నిధులు నిలబెట్టారు. ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. ఏటా సంక్రాంతి రోజుల్లో అక్కడ పాత పంటల జాతర జరుగుతుంది. ముస్తాబు చేసిన ఎడ్లబండ్ల మీద మట్టిపాత్రల్లో, ఈత గుల్లల్లో జొన్నలు, కొర్రలు, సామలు, అనుములు ఊరి తర్వాత ఊరు తిరుగుతాయి. బండి ఆగిన చోట ఆడవాళ్లు చుట్టూ చేరి గుప్పెట్లోకి గింజ తీసుకుని చూస్తారు.