తేదీకో తంతు

జీఎస్టీ ఈ-ఇన్‌వాయిస్‌లో తేదీ రాయాలంటే రోజు ముందు, సంవత్సరం చివర, మధ్యలో ఏటవాలు గీతలు: 08/08/2020. రస్ట్ భాషలో ఎక్కువమంది వాడే క్రోనో లైబ్రరీ దాన్నే 2020-08-08 అని రాస్తుంది. ఎవరి పద్ధతి వాళ్లది, మధ్యలో నలిగేది ప్రోగ్రామర్.

రస్ట్‌లో డేటాను జేసన్‌గా మార్చే పని సర్డీ చూసుకుంటుంది. స్ట్రక్ట్ మీద డిరైవ్ అని ఒక్క లైను పెడితే చాలు, మిగతా కోడ్ మాక్రో రాసిపెడుతుంది. 2017 ఫిబ్రవరిలో రస్ట్ 1.15 వచ్చినప్పటి నుంచీ స్టేబుల్ కంపైలర్‌లోనే ఈ సుఖం ఉంది. తేదీ దగ్గరికొచ్చేసరికి మాత్రం చాలామంది విజిటర్ స్ట్రక్టులు చేత్తో రాయడం మొదలెడతారు. అసలు పని ఒక్క లైను, కొసరు పేజీడు. ఆ పేజీనే పక్క ఫైల్లోకి కాపీ కొడతారు.

సర్డీలోనే ‘విత్’ అనే సదుపాయం ఉంది. చదివే ఫంక్షన్, రాసే ఫంక్షన్ ఒక మాడ్యూల్‌లో పెట్టి, ఫీల్డ్ మీద దాని పేరు రాస్తే సరి. చిక్కంతా ఆ తేదీ ఉండొచ్చు, ఉండకపోవచ్చు అన్నప్పుడు. ఫీల్డ్‌ను ఆప్షన్ చేయగానే టైపులు కుదరవని కంపైలర్ గోల పెడుతుంది. ఆప్షన్ కోసం ఇంకో మాడ్యూల్ రాస్తాం, కంపైలర్ శాంతిస్తుంది. అసలు దెబ్బ తర్వాత. మామూలు ఆప్షన్ ఫీల్డ్ జేసన్‌లో లేకపోతే సర్డీ నన్ అనుకుని ఊరుకుంటుంది. ‘విత్’ తగిలించాక ఆ మర్యాద ఉండదు, ఫీల్డ్ లేదని ఎర్రర్ ఇస్తుంది. పక్కనే ‘డిఫాల్ట్’ కూడా రాయాలి. ఇది కంపైలర్ చెప్పదు, ప్రొడక్షన్‌లో ఎవరో కస్టమర్ చెబుతాడు.

ఇక్కడే నాకు సర్డీ_విత్ క్రేట్ నచ్చుతుంది. తేదీ రాసే నియమాన్ని అందులో ఒక టైపుగా ఒక్కసారి రాస్తే చాలు. ఆప్షన్‌లో పెట్టినా, వెక్‌లో పెట్టినా అదే పనిచేస్తుంది. ఒక్క పట్టింపు: స్ట్రక్ట్ మీద దీనికోసం పెట్టే సర్డీ_యాజ్ లైను డిరైవ్‌కు పైన ఉండాలి.

అలాగని అన్నిటికీ ఇదే మందు కాదు. అదే ఇన్‌వాయిస్‌లో ఉండే జీఎస్టీఐఎన్ నంబరు సంగతి వేరు, అది ఎక్కడైనా 15 అక్షరాలే. దానికి సొంత టైపు కట్టి, ‘ట్రై_ఫ్రమ్’తో స్ట్రింగ్ నుంచి తీసుకుంటే, తప్పు నంబరు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. తేదీకి ఆ ఏర్పాటు నప్పదు. ఈ-ఇన్‌వాయిస్‌కు గీతలు, ఇంకో సిస్టమ్‌కు హైఫన్‌లు కావాలంటే టైపు ఒక్కటే అయినా వేషాలు రెండు. అక్కడ నియమం ఫీల్డ్ మీదే ఉండాలి.

చేత్తో రాసిన ఆ విజిటర్లలో ఉండే ఫంక్షన్ పేరు విజిట్_ఎస్‌టీఆర్. మీ రిపోలో దాన్ని ఒకసారి వెతికి చూడండి. ఒకే ఫంక్షన్ రెండు చోట్ల తగిలితే, మూడోది రాసేలోపే తీసేయండి.